వెయ్యి విసుర్లకో చేప

ఉదయం ఏడున్నరైనా ఇంకా తెల్లవారలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. పైనుంచి సన్నటి చినుకులు, కింద మంచుకొండల మీంచి దిగివచ్చిన నీళ్ళు. కాలివేళ్ళు ఉన్నాయో లేదో తెలియడం లేదు. గాలం విసురుతాను. నారింజరంగు బెండు నీళ్ళమీద తేలుతూ పోతుంది. నలభై గజాలు పోయాక దారం చుట్టేసి మళ్ళీ విసురుతాను. మధ్యాహ్నం దాకా ఇదే పని. ఇంటికెళ్ళగానే మా ఆవిడ తలుపు తీసి నా మొహం చూస్తుంది. పడిందా అని అడగదు. రెండేళ్ళపాటు అడగాల్సిన అవసరమే రాలేదు.

నేనుండేది వాషింగ్టన్ రాష్ట్రంలో. అమెరికా రాజధాని కాదు, దానికి పూర్తిగా అవతలి కొసన, పసిఫిక్ సముద్రం వైపున్న రాష్ట్రం. సియాటిల్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు వేలల్లో ఉంటారు. శని, ఆదివారాలొస్తే గుడి, పిల్లల డాన్సు క్లాసులు, ఎవరో ఒకరింట్లో భోజనాలు. నేనూ అంతే. 2022 డిసెంబరులో పిల్లలకు మంచు చూపిద్దామని స్టీవెన్స్ పాస్ కొండలకు బయల్దేరినప్పుడు ఈ పిచ్చి పట్టుకుంది.

సియాటిల్ నుంచి గంట ప్రయాణం చేస్తే రెండో నెంబరు హైవే స్కైకోమిష్ అనే నది పక్కన పడుతుంది. ఇక్కడివాళ్ళు ముద్దుగా 'స్కై' అంటారు. సుల్తాన్, స్టార్టప్, గోల్డ్ బార్, ఇండెక్స్... వరసగా చిన్నచిన్న ఊళ్ళు. స్టార్టప్ అనే ఊరి బోర్డు దగ్గర మా సాఫ్ట్‌వేర్ మిత్రులందరూ కారాపి ఫొటోలు దిగుతారు. ఆ పేరుకీ మా ఉద్యోగాలకీ ఏ సంబంధమూ లేదు. జార్జ్ స్టార్టప్ అని ఒకప్పుడు అక్కడి కలప కంపెనీకి మేనేజరు, ఆయన పేరది. రోడ్డుకి, నదికి తోడుగా రైలు పట్టాలు కూడా ఉంటాయి. సియాటిల్ నుంచి షికాగో వెళ్ళే ఎంపైర్ బిల్డర్ రైలు ఈ దారినే కొండలెక్కుతుంది.

సుల్తాన్ దగ్గర కాఫీకని ఆగాం. నదిలో ఒకాయన గాలంతో దేన్నో లాగుతున్నాడు. ఉన్నట్టుండి వెండి పళ్ళెంలాంటి చేప నీళ్ళలోంచి మూడడుగుల ఎత్తున ఎగిరింది. మా పిల్లలు కేకలు. పావుగంట పెనుగులాట తర్వాత ఆయన దాన్ని ఒడ్డు దగ్గరికి తెచ్చాడు, మోకాళ్ళమీద కూర్చుని గాలం తీశాడు, రెండు చేతులతో కాసేపు నీళ్ళలోనే పట్టుకుని... వదిలేశాడు! అంత కష్టపడి పట్టిన నాలుగైదు కిలోల చేపని ఎందుకు వదిలేశాడు? గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, నాకైతే ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు మంచు చూశానో లేదో గుర్తులేదు. ఇంటికి రాగానే ఆ చేప పేరు వెతికాను. స్టీల్‌హెడ్.

మున్నార్, ఊటీ కొండల్లో బ్రిటిష్ వాళ్ళ కాలంలో తెచ్చి పెంచిన రెయిన్‌బో ట్రౌట్ గురించి కొందరు వినే ఉంటారు. స్టీల్‌హెడ్ అదే జాతి. ఒకే నదిలో, ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో కొన్ని అక్కడే ఉండిపోయి ట్రౌట్ చేపలవుతాయి. కొన్నిటికి మాత్రం ఊరు వదలాలనిపిస్తుంది. నదిలో ఒకటి రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు పెరిగి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. పసిఫిక్‌లో వేల మైళ్ళు తిరిగి, బాగా బలిసి, పుట్టిన నదినే వాసన పట్టి వెతుక్కుంటూ గుడ్లు పెట్టడానికి తిరిగొస్తాయి. పసిఫిక్ సాల్మన్ చేపలైతే గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్ అలా కాదు. కొన్నైనా బతికి మళ్ళీ సముద్రానికి పోతాయి, మళ్ళీ వస్తాయి. ఈ రాష్ట్రానికి 1969 నుంచి ఇదే అధికారిక చేప.

మన పులసదీ దగ్గరదగ్గరగా ఇదే కథ. బంగాళాఖాతంలోంచి వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వస్తుంది. 'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్నారంటే ఊరికే అనలేదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక దాని ప్రయాణం అక్కడికే ఆగిపోయింది. ఇక్కడా ఆనకట్టలు చాలా నదుల్లో స్టీల్‌హెడ్‌కి అడ్డుపడ్డాయి. తేడా ఏమిటంటే ఇక్కడ కొన్నిటిని పగలగొట్టేశారు. ఇదే రాష్ట్రంలో ఎల్వా నది మీదున్న రెండు డ్యాముల్ని 2011 నుంచి 2014 లోపు తీసేస్తే చేపలు మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టాయి. మనకు డెల్టా పంటలు ముఖ్యం కాబట్టి ఆ మాట మనం అనలేం, అది వేరే సంగతి.

ఇంతకీ నా సంగతి. గాలపు కర్ర, రీలు, చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంటు (వేడర్స్ అంటారు), బూట్లు, ప్రభుత్వ లైసెన్సు అన్నీ కొన్నాను. ఇక్కడ 15 ఏళ్ళు దాటిన ఎవరైనా లైసెన్సు లేకుండా గాలం వెయ్యకూడదు. స్టీల్‌హెడ్‌ని 'వెయ్యి విసుర్ల చేప' అంటారని చదివి నవ్వుకున్నాను. రోజుకి రెండొందలసార్లు విసిరితే ఐదు ఆదివారాలు, అంతేగా అనుకున్నాను! సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, లెక్క వేసేశాను.

ఐదు ఆదివారాలు అయ్యాయి. పదీ అయ్యాయి. మొదటి చలికాలమంతా నేను పట్టినవి రాళ్ళు, కొమ్మలు, ఒకసారి ఎవరిదో బూటు. సీసపు గుండ్లు, గాలాలు అడుగున రాళ్ళకి తగులుకుని తెగిపోయేవి. గడ్డకట్టే చలిలో కర్రకున్న రింగుల్లో మంచు పేరుకుపోతే నోటితో ఊది కరిగించుకోవడం, మొద్దుబారిన వేళ్ళతో కొత్త ముడి వెయ్యడం. ఒకసారి జారి నడుందాకా మునిగాను. నడుముకి బెల్టు బిగించి ఉండబట్టి ప్యాంటులోకి నీళ్ళు నిండలేదు. అది మాత్రం అందరికీ చెబుతాను. నదిలో దిగేవాళ్ళు చేప లేకపోయినా రావచ్చు, ఆ బెల్టు లేకుండా దిగకూడదు.

"ఆ పెట్రోలు డబ్బులతో కాస్ట్‌కోలో సాల్మన్ వచ్చేది" అని మా ఆవిడ ఒక్కసారే అంది. పిల్లలైతే నేను బయల్దేరుతుంటే "నాన్నా, చేపలకి మా హలో చెప్పు" అనేవారు. జనవరి ఆఖర్లో సీజను మూసేసినప్పుడు బాధ కంటే హాయిగా అనిపించింది. గాలపు కర్రని అమ్మకానికి పెడదామని ఫొటోలు కూడా తీశాను.

అమ్మకపోవడానికి కారణం నది దగ్గర పరిచయమైన ఒక పెద్దాయన. ఎనభైకి దగ్గరుంటాయి. రిటైరైన రైల్వే ఉద్యోగి. నేను విసిరే తీరు ఆయన చాలాసేపు చూసి, "నీ బెండు నది కంటే ముందు పోతోంది" అన్నాడు. అర్థం కాలేదు. ఒడ్డున కూర్చోబెట్టి చెప్పాడు. నీళ్ళు పైన వేగంగా, అడుగున నెమ్మదిగా పారతాయి. చేప ఉండేది అడుగున. మన దారం పైనున్న నీళ్ళకి చిక్కి బెండుని లాగేస్తే దాని కింది ఎర పరుగెడుతుంది. చలికాలపు నీళ్ళలో చేప ఒళ్ళు బద్ధకంగా ఉంటుంది, పరుగెత్తే ఎర వెంట పడదు. పైగా నదిలోకి వచ్చాక దానికి ఆకలి కూడా పెద్దగా ఉండదు. ముక్కు ముందుకి నెమ్మదిగా వచ్చినదాన్నే నోటితో పట్టి చూస్తుంది. మనిషి నడిచినంత వేగంతో నీళ్ళు పారేచోట, నాలుగైదడుగుల లోతులో, ఓ పెద్ద బండ చాటున అది నిలబడుతుంది. ఏటికి ఎదురీది వచ్చిన చేప కదా, ఊపిరి తీసుకునే చోటు వెతుక్కుంటుంది.

నదిలో నేను చూసింది నీళ్ళు. ఆయన చూసింది గదులు, వసారాలు, దారులు. నేను ఏడాదిపాటు వేసిన విసుర్లలో ముప్పాతిక భాగం చేప ఉండే అవకాశమే లేని నీళ్ళలో వేశానని అప్పుడు తెలిసింది. వెయ్యి విసుర్ల లెక్కలో అవి చేరవు మరి.

ఆయనే ఒక పుస్తకం పెట్టమన్నాడు. చేపలు రాయడానికి కాదు. నీటిమట్టం, నీళ్ళ రంగు, చలి, ఎక్కడ నిలబడ్డాను, పక్కవాడికి ఎక్కడ పడింది. గోల్డ్ బార్ దగ్గర ప్రభుత్వం వాళ్ళ గేజ్ ఉంది. నదిలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. వానపడి నది పొంగి, మళ్ళీ దిగుతూ, బురద రంగు పోయి పచ్చి ద్రాక్ష రంగులోకి వచ్చే ఆ ఒకటి రెండు రోజులే అసలు ముహూర్తం. పెద్దాయన ఆదివారాలు వెళ్ళేవాడు కాదు, నీళ్ళు చెప్పిన రోజు వెళ్ళేవాడు. నాకు ఆ వెసులుబాటు లేదు. కానీ కనీసం ఏ ఆదివారం ఇంట్లో పడుకోవాలో తెలిసింది.

2023 డిసెంబరు మొదటివారంలో పడ్డ వానలకి ఈ ప్రాంతమంతా వరదలొచ్చాయి. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే నాకు తెలిసిన బండలు కొన్ని లేవు, కొత్త చోట దుంగలున్నాయి. నోటుపుస్తకంలో సగం పేజీలు దండగ. మళ్ళీ మొదటినుంచి చూసుకుంటూ వచ్చాను. విచిత్రంగా ఈసారి చిరాకు రాలేదు. నీటిమీద పిల్లిగంతులేస్తూ బుడుంగున మునిగి, అడుగున రాళ్ళమీద నడిచి పురుగుల్ని ఏరుకుతినే డిప్పర్ అనే బూడిదరంగు పిట్ట ఒకటుంటుంది. మొదటి ఏడాది దాన్ని చూసిన గుర్తే లేదు. చెట్లమీద తెల్లతల గద్దలు కూర్చుని మావంకే చూస్తుంటాయి, వీళ్ళకి పడదులే అన్నట్టు.

ఆ జనవరిలో బెండు మునిగింది. రాయి అనుకున్నాను. రాయి కదిలింది! గుండె గొంతులోకి వచ్చింది. చేప ఒక్క ఊపున నది మధ్యకి పోతుంటే కంగారులో రీలు బ్రేకు బిగించాను. పటుక్కుమంది. దారం తిరిగొచ్చింది. కొస చూస్తే పందితోకలా మెలికలు తిరిగి ఉంది. అంటే దారం తెగలేదు, నా ముడి జారిపోయింది. ముడి బిగించేముందు ఉమ్మితో తడపాలని పెద్దాయన చెప్పాడు, చలిలో ఆ పని ఎగ్గొట్టాను. ఆ రాత్రి పుస్తకంలో ఇంకేమీ రాయలేదు, 'ముడి' అని మాత్రం రాశాను. వేసవంతా టీవీ చూస్తూ సోఫా కాలికి దారం కట్టి ముళ్ళు వేశాను. మా ఆవిడ డాక్టరుకి చూపించాలేమో అని ఆలోచించిందట.

2024లో మా నాన్నగారు పోయారు. కార్యక్రమాలయ్యాక అమ్మని ఆరునెలలకని ఇక్కడికి తీసుకొచ్చాను. అమెరికా శీతాకాలం ముసలివాళ్ళకి జైలే. నాలుగున్నరకే చీకటి, రోజూ ముసురు, వీధిలో మనిషి కనబడడు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని బయటికి చూసేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మాట్లాడేది కాదు. ఒక ఆదివారం నేను సామాన్లు సర్దుకుంటుంటే, "ఏటికేనా? నేనూ వస్తాను" అంది.

అమ్మ పుట్టిల్లు ధవళేశ్వరానికి దిగువన, గౌతమి ఒడ్డున. మా తాత వల వేసేవాడు. అమ్మ నలుగురు ఆడపిల్లల్లో పెద్దది, పెళ్ళయ్యేదాకా నావలో తాత వెంట వెళ్ళేదట. నాన్నగారి ఉద్యోగంతో ఊళ్ళు తిరిగాక ఆ ముచ్చట ఇంట్లో ఎప్పుడూ రాలేదు. నాకు నలభై నాలుగేళ్ళు. మా అమ్మకి చేపల వేట తెలుసని ఆ శీతాకాలం దాకా నాకు తెలియదు.

నాలుగు స్వెట్టర్లు, శాలువా, మంకీక్యాప్‌తో అమ్మ ఒడ్డున మడతకుర్చీలో కూర్చుంది. పక్కన ఫ్లాస్కు. గేజ్ మూడు వేల చిల్లర క్యూసెక్కులుందని గొప్పగా చెప్పాను. అమ్మ నవ్వింది. చాలా రోజులకి నవ్వడం అది. "ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికే పది లక్షలకిరా. ఇది ఏరేంటి, మన పంటకాలవ!" అంది. తర్వాత చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

"పడని రోజున తాత ఏం చేసేవాడమ్మా?" అని అడిగాను.

"వల కుట్టుకునేవాడు. ఇంకేం చేస్తాడు?"

ఆ రోజూ ఏమీ పడలేదు. మరో మూడు ఆదివారాలు కూడా. కానీ అమ్మ శనివారం రాత్రే ఫ్లాస్కు కడిగి పెట్టుకునేది.

2025 జనవరి మొదట్లో ఒకరోజు, వాన తగ్గి నది దిగుతోంది గానీ నీళ్ళింకా చిక్కగానే ఉన్నాయి, రెండడుగుల లోతు దాటి కనబడడం లేదు. నేను ఎప్పట్లాగే తొడల లోతుదాకా దిగి అవతలి పాయలోకి విసురుతున్నాను. వెనకనుంచి అమ్మ కేక. "ఒరేయ్, చేప మీద నిలబడి ఎక్కడికిరా విసురుతున్నావు?"

వెనక్కి తిరిగాను.

"నీళ్ళు బురదగా జోరుగా ఉన్నప్పుడు నడి ఏట్లో చేపకేం పని? ఒడ్డుకే వస్తుంది. ఆ దుంగ పక్కన చూడు, నీళ్ళెలా మెల్లగా తిరుగుతున్నాయో. నువ్వు దాన్ని తొక్కుకుంటూ దిగావు."

నిజమే. పెద్దాయన కూడా ఓసారి 'దిగేముందు ఒడ్డుపక్క నీళ్ళు వెతుకు' అన్నాడు, పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకోవడం వేరు, చెయ్యడం వేరు. కింద మరో మలుపుకి నడిచాం. అక్కడ ఆల్డర్ చెట్టొకటి నీళ్ళలోకి పడి ఉంది. ఈసారి నీళ్ళలో అడుగే పెట్టలేదు. ఒడ్డునుంచి ఐదు గజాల దూరంలో బెండు వేశాను. మూడో విసురో, నాలుగోదో. బెండు మునిగింది.

ఈసారి బ్రేకు ముట్టుకోలేదు. అది పోతానన్నంత దూరం పోనిచ్చాను. రెండుసార్లు గాల్లోకి లేచింది. లేచినప్పుడల్లా అమ్మ "అమ్మో, అమ్మో" అంటోంది. ఒడ్డు రాళ్ళమీద దాని వెంట వంద గజాలు కిందికి నడిచాను. పదిహేను నిమిషాలు పట్టిందో, ఇరవయ్యో, చూసుకోలేదు. చివరికి పక్కకి ఒరిగి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. కొత్త వెండిగిన్నెలా ఉంది. సముద్రం వాసన ఇంకా పోలేదు. నాలుగు కిలోలకి తగ్గదు.

తోకకి కాస్త ముందు, వీపుమీద వేలిగోరంత రెక్క ఒకటి ఉందో లేదో ముందు చూడాలి. ప్రభుత్వం హేచరీల్లో పెంచి వదిలే చేపలకి పిల్లగా ఉన్నప్పుడే ఆ రెక్క కత్తిరిస్తారు. రెక్క లేకపోతే ఇంటికి తెచ్చుకోవచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టిన చేప, వదిలెయ్యాలి. నీళ్ళలోంచి పూర్తిగా పైకెత్తి ఫొటో దిగడం కూడా నేరమే. ఈ ప్రాంతపు నదుల్లో పుట్టే స్టీల్‌హెడ్ బాగా తగ్గిపోవడంతో 2007లో వీటిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. తరతరాలుగా ఈ చేపల మీద బతికిన తులాలిప్ లాంటి ఆదివాసీ తెగల హక్కు కోసం కోర్టులో పోరాడితే, పట్టదగ్గ చేపల్లో సగం వాళ్ళవని 1974లో తీర్పొచ్చింది. ఇప్పుడు ఆ సగం లెక్క కట్టడానికి ఇరుపక్షాలకీ చేపలే చాలడం లేదు.

రెక్క ఉంది. రెండేళ్ళక్రితం సుల్తాన్ దగ్గర ఆయనెందుకు వదిలేశాడో నాకు ఎప్పుడో తెలుసు. అయినా ఆ చిన్న రెక్క చూడగానే మనసు చివుక్కుమన్న మాట నిజం.

అమ్మ రాళ్ళమీద మెల్లగా నడిచి వచ్చి, నా భుజం పట్టుకుని వంగింది. చన్నీళ్ళలో చెయ్యి పెట్టి పొట్ట కింద నిమిరింది. "గుడ్డుమీద ఉందిరా" అంది. "మన దగ్గరైతే దీన్ని వేలంపాట పాడేవాళ్ళు."

"వదిలెయ్యాలమ్మా. ఇక్కడి రూలు."

"తెలుసులే, నీ పెళ్ళాం చెప్పింది." అమ్మ చెయ్యి తియ్యలేదు. "పైకి పోవాల్సిందేగా. ఎంత దూరంనుంచి వచ్చిందో."

తలని ప్రవాహానికి ఎదురుగా తిప్పి, తోక దగ్గర వదులుగా పట్టుకున్నాను. ఓ నిమిషం అలాగే ఉంది, డొప్పలు ఆడుతూ. తర్వాత ఒక్క విదిలింపు. మా ఇద్దరి మొహాలమీదా నీళ్ళు చిమ్మి వెళ్ళిపోయింది.

దారిలో అమ్మ కబుర్లు ఆపలేదు. తాత పులస పట్టిన రోజు రేవులో ఎవరెవరు కాచుక్కూచునేవారో, పెళ్ళైన కొత్తలో చేప తెచ్చిస్తే ముళ్ళు తియ్యడం రాక నాన్నగారు ఎలా తంటాలు పడ్డారో... నాన్నగారి పేరు ఎత్తడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఇంట్లో వంకాయ కూర. చింతపండు నానబెట్టి చేప పులుసుకి సిద్ధంగా ఉన్న మా ఆవిడ, దాంతో పులిహోర కలిపేసింది.

వాట్సాప్‌లో పిన్నులకి అమ్మే చెప్పింది. మొదటి పిన్నికి చెప్పేటప్పుడు చేప నాలుగు కిలోలు. మూడో పిన్ని దగ్గరికొచ్చేసరికి పది దాటింది. నేను కాదనలేదు.

మార్చిలో అమ్మ ధవళేశ్వరం వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాకు చేపలు పడ్డ రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పడని రోజులకి రెండో పుస్తకం కొన్నాను. సీజను మొదలైతే శనివారం రాత్రి, ఇండియాలో ఆదివారం పొద్దున, అమ్మ ఫోను చేస్తుంది. తిన్నావా, పిల్లలెలా ఉన్నారు అన్నవి తర్వాత. ముందు అడిగేది వేరే.

"ఎన్ని క్యూసెక్కులుందిరా ఇవాళ?"